అయ్యగారిని అడగడానికి పోయిన

నాయినా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మన మేడ్చల్ చర్చిల సంఘపెద్దగ నువ్వు కూసున్న కుర్చీ ఇంకా ఖాళీగనే ఉన్నది.

మొగడు కొడుతున్నడని, ప్రార్థన చెయ్యమని చెల్లె సునీత మన పాస్టరు అయ్యగారికి ఒక్కరికే చెప్పుకున్నది. మొన్న ఆదివారం ఆయన గదే ముచ్చట ప్రసంగంల చెప్పిండు. పేరు చెప్పలే గని ఎవరిదో అందరికి ఎరుకైంది, లోబడని భార్యకు దెబ్బలు తప్పవన్నడు. ఆడోళ్లందరు ఎనక్కి తిరిగి చెల్లె దిక్కే చూసిన్రు.

"పెద్దలు తప్పు జేస్తే ముందుగాల ఒక్కలమే పోయి చెప్పాలె, బైబిల్ వాక్యంల గట్లనే ఉన్నది" అంటుంటివి గద. ఇయ్యాల అయ్యగారి ఇంటికి పోయిన. చెల్లెను తలుపు పక్కన వరండాల కూసోబెట్టి ఒక్కదాన్నే లోపలికి పోయి, "అయ్యగారూ, మీరు జేసింది తప్పు" అన్న.

ఆయన కోపం చెయ్యలే. "కండ్లు మూసుకో బిడ్డా, ప్రార్థన చేద్దాం" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. చిన్నప్పటి అలవాటు నాయినా, కొంగు కప్పుకొని కండ్లు మూసుకున్న. నా గర్వం తీసెయ్యమని, చెల్లెకు లోబడే మనసు ఇయ్యమని దేవుణ్ణి అడిగిండు. అయిపోంగనే నా నోరు దానంతటదే "ఆమెన్" అన్నది.

బయటికొస్తే చెల్లె చెప్పులేసుకుంటాంది. "నువ్వు గూడ ఆమెన్ అన్నవు గద అక్కా" అన్నది.