తలుపుకు కట్టిన బెల్టు

ఒయ్దిన్ అక్కకు తమ్ముడి సలాములు.

నా నడుం గురించి ఇక బెంగ పెట్టుకోకు. జర్మనీలో తనిఖీవాళ్లు నా లారీ ఆపి, వారాంతపు విశ్రాంతి లారీలో కాదు, మంచం మీద ఇవ్వాలని మా యజమానికి జరిమానా వేశారు. తిట్టుకుంటూనే ఆయన నాకు హోటల్ గది ఇప్పించాడు. ఎనిమిది నెలల తర్వాత కాళ్లు చాపుకుని పడుకున్నాను.

దొంగల భయానికి లారీలో పడుకునేటప్పుడు తలుపులు రెండింటినీ లోపలి నుంచి బెల్టుతో కలిపి కడతామని చెప్పాను కదా. ఆ అలవాటులో గది తలుపునూ మంచానికి కట్టేశాను. మధ్యాహ్నం గదులు ఊడ్చే ఆవిడ వచ్చి ఎంత లాగినా తెరుచుకోలేదు. యాస వింటే మన దేశం మనిషే, ఫెర్గానా వైపు.

"అంత బందోబస్తుగా లోపల ఏం దాచావయ్యా?" అంది.

"నిద్రండీ," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "అయితే విప్పకులే, రేపొస్తాను," అని చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

నీ తమ్ముడు