మా నానమ్మ ఓటుకు తోడు అక్కర్లేదు

పట్టణ పురపాలక ఉప ఎన్నికల అధికారి గారికి,

అయ్యా,

విషయం: వచ్చే ఆదివారం జరుగు మా వార్డు ఉప ఎన్నికలో మా నానమ్మ ఓటు మా నానమ్మే వేయుట గురించి.

ఇదే వార్డు ఓటరునైన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. ఓటు వేసే పద్ధతి గురించి కొన్ని సందేహములు తీర్చుకొనుటకు నేను తమ కార్యాలయమునకు పలుమార్లు వచ్చితిని. వచ్చినప్పుడల్లా సంబంధిత గుమాస్తా గారు సీటులో లేరు. ఫలితంగా నాకు తమ ఆఫీసులో ఎవరో ఉన్నారని మా అమ్మ తేల్చేసింది. "ఓటు సంగతి అడగడానికి ఎవరైనా ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్తారటే?" అని ఆమె ప్రశ్న. డిగ్రీ పూర్తయి ఖాళీగా ఉన్న ఆడపిల్ల గడప దాటితే దానికి ఒకటే కారణం ఉంటుందని మా ఇంటి నమ్మకం. తమ కార్యాలయంలో నన్ను ఆకర్షించినది ఏదీ లేదని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను. వీలైతే తమరు కూడా ధ్రువీకరించవలెను.

2. ఇక అసలు సంగతి. మాది దర్జీ కుటుంబం. బాబాయి కొలతలు తీస్తారు, నాన్న కత్తిరిస్తారు, నానమ్మ గుండీలకు కాజాలు కుడుతుంది. నల్ల కోటుకు నల్ల దారంతో కాజా కుట్టడం మాటలు కాదు. గుడ్డ ఎక్కడ ఆగిందో, దారం ఎక్కడ మొదలైందో నాకు పట్టపగలు కూడా తెలియదు. నానమ్మ మసక వెలుతురులో కుట్టేస్తుంది. ఆ కోటు గిరాకీ చేతికిస్తూ బాబాయి, "మా అమ్మ చేతి కాజా అండీ, భూతద్దం పెట్టి చూసుకోండి, ఒక్క పోగు పక్కకి పోయుంటే నన్నడగండి" అంటారు. ఇదే బాబాయి, పోలింగ్ బూత్‌లో ఇదే అమ్మ భుజం పట్టుకుని, "కళ్లు కనపడవండీ పాపం" అంటారు.

3. ఇది మొదలైన తీరు న్యాయమైనదే. కొన్నేళ్ల కిందట నానమ్మకు శుక్లాల ఆపరేషన్ అయి కంటికి కట్టు ఉండగా ఎన్నికలొచ్చాయి. చూపు లేనివారి తరఫున తోడు వెళ్లినవారు ముద్ర వేయవచ్చునన్న నిబంధన ప్రకారం బాబాయి వెళ్లి, సంతకం చేసి, ఓటు వేశారు. తరువాత కట్టు విప్పారు. బాబాయిని విప్పలేదు. ఆనాటి నుంచి ప్రతి ఎన్నికలోనూ ఆయనే తోడు. బూత్‌లో కూర్చునే గుమాస్తా గారు ఒక్కసారైనా నానమ్మను అడిగిన పాపాన పోలేదు. ఆయన ప్యాంట్ల నడుములు ఏటేటా వదులు చేసేది మా షాపులోనే అన్న సంగతికీ, దీనికీ సంబంధం ఉన్నదో లేదో తమరే ఆలోచించవలెను.

"మరి నువ్వైనా నోరు తెరవచ్చుగా" అని నానమ్మనే అడిగాను.

"ఏమని తెరవనే? నలుగురిలో నా కొడుకు అబద్ధమాడుతున్నాడని చెప్పనా?" అంది, దారం పంటితో తెంపుతూ. "వేలికి సిరా నాది, ముద్ర వాడిది. ఇంటికొచ్చాక, ఇంతకీ ఎవరికేశాన్రా నేను, అని వాణ్ణే అడగాలి."

4. ఈసారి అడగనక్కరలేదు. పోటీలో ఉన్న ఇద్దరిలో ఒకరు మా షాపు ఉన్న భవనం ఓనరు గారు. మా అద్దె ఒప్పందం గడువు ఈ నెలాఖరుతో తీరుతుంది. మొన్న ఆయన చొక్కాకు కొలతలిస్తూ ఉంటే బాబాయి టేపు మెడలో వేసుకుని, "మా ఇంటి ఓట్లన్నీ మీవే సార్, అందులో రెండో మాట లేదు" అనడం నేను చెవులారా విన్నాను. నాన్న కత్తెర చప్పుడు ఎక్కువ చేశారు. వినపడనట్టు ఉండటానికి ఆయన పద్ధతి అది. రెండో అభ్యర్థి మందుల షాపు ఆవిడ. నా ఓటు ఆవిడకే అయినా ఆవిడనూ పూర్తిగా నమ్మలేను. నామినేషన్ వేసిన దగ్గర్నుంచి ప్రతి మాత్రకూ ఒక నవ్వు కలిపి ఇస్తోంది.

5. ఓటు ఎలా వేయాలో చూపిస్తామంటే పోలింగ్ జరగబోయే బడి గదికి వెళ్లి చూశాను. ముద్ర వేసే బల్లను బీరువా పక్కన మూలకు నెట్టి ఉంచారు. పైన బల్బు లేదు. నమూనా కాగితం మీది గుర్తులు నాకే అలుక్కుపోయినట్టు కనిపించాయి. చూపున్నవాళ్లకు కూడా తోడు అవసరమయ్యేలా ఆ బల్లను అక్కడికి జరిపినది ఎవరో, వారికి బట్టలు ఎవరు కుడతారో విచారించవలెను. ఈలోపు బల్లను కిటికీ పక్కకు మార్పించవలెను.

6. బాబాయికి బదులు నేనే తోడు వెళ్దామని అనుకున్న మాట వాస్తవం.

"ఈసారి బాబాయి వద్దులే నానమ్మా, నేనొస్తా. నువ్వు చెప్పినట్టే వేస్తా."

"వాడూ ఇదే అన్నాడు, మొదట్లో."

"నేనూ బాబాయీ ఒకటేనా?"

"కాదా? మరి ఆ మందుల షాపావిడ కాగితం నీ దిండు కింద ఏం చేస్తోందే?"

నానమ్మ తల కూడా ఎత్తలేదు, కాజా పూర్తి చేసుకుంది. ఆమె ఎవరికి వేయాలనుకుంటోందో నాకు ఇప్పటికీ తెలియదు. ఓనరుకే వేస్తుందేమోనని గట్టి అనుమానం. వేస్తే వేయనీ, ఆ ముద్ర ఆమెదై ఉండాలి.

కావున, మా నానమ్మకు తోడుగా ఎవరు వచ్చి సంతకం పెట్టబోయినను, వారు మా బాబాయి అయినను, నేనే అయినను, ఒప్పుకొనరాదనియు, "కనపడుతుందా అమ్మా" అని ఆమెనే అడగవలెననియు బూత్ సిబ్బందికి రాతపూర్వకముగా ఉత్తర్వు ఇవ్వవలెను. ఇంకా సందేహముంటే ఆమె చేతికి ఒక సూది, నల్ల దారం ఇచ్చి చూడవలెను.

ఇవన్నీ చిత్తగించవలెను. చిత్తగించినట్టు నాకొక రసీదు కూడా ఇప్పించవలెను. గుమాస్తా గారు సీటులో లేనిచో తమరి చేతుల మీదుగానే.

తమ విధేయురాలు (ఆదివారం వరకు),
కాజాలావిడ మనవరాలు

తా.క.: అర్జీ సంగతి బాబాయికి తెలిసిపోయింది. "షాపు ఖాళీ చేయిస్తే నీ డిగ్రీ సర్టిఫికెట్టు రోడ్డు మీద పరిచి, దాని మీద మిషను వేసుకుందామా?" అన్నారు. నాన్న కత్తెర కింద పెట్టారు. షాపు పోయినా పోవచ్చు. ఆదివారం నానమ్మను గేటు దాకా నేను తీసుకొస్తాను. బాబాయి ఆమె వెంట లోపలికి అడుగుపెడితే అందరి ముందూ అభ్యంతరం చెబుతాను. నానమ్మ ఒక్కతే వెళ్తుంది. బయటికొచ్చాక ఎవరికి వేశావని నేను అడగను.