నీ ఇంటిని వేలంలో పాడుకున్నాను

రహీం భాయ్,

నువ్వు పోయాక నీ ఇంటి పన్ను కట్టేవాళ్లు లేకపోయారు. వారసులమంటూ ఎవరూ రాలేదు. చివరికి బకాయి కింద మున్సిపాలిటీ వాళ్లు ఆ ఇంటిని వేలానికి పెట్టారు. వేల్పూర్ నుంచి పసుపు తెచ్చిన ప్రతిసారీ నేను పడుకున్న ఇల్లు కదా, వేలం రోజు పొద్దున్నే బస్సెక్కి ఆర్మూర్ వచ్చాను.

పాడటానికి వచ్చింది నేనూ, ఒక పసుపు వ్యాపారీ, అంతే. ఆయనకు గోదాం కావాలట. ఆయన పెంచిన కొద్దీ నేనూ పెంచాను. కాసేపటికి ఆయన నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు.

"గా పాత ఇల్లు తీస్కొని ఏం జేస్తవ్ పటేలా? గోడలు గుడ పడిపోతున్నయ్."

"కూలగొట్టకుండ ఉంచుత."

"గంతేనా?"

"గంతే."

ఆయన నన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఇంక పాడలేదు.

ఈ ఏటి పసుపు డబ్బంతా అందులోనే పోయింది. మా ఇంట్లో ఇంకా చెప్పలేదు. నువ్వుంటే నన్ను బాగా తిట్టేవాడివి.

కాగితాలన్నీ అయ్యాక నిన్న తాళంచెవి ఇచ్చారు. నేరుగా మీ గల్లీకి వెళ్లి తలుపు తెరిచాను. కానీ లోపల కాలు పెట్టలేక అరుగు మీదే కూర్చున్నాను. ఎదురింటి ఫాతిమా చాయ్ తెచ్చింది.

"లోపటికి పోరాదు కాకా, ఇప్పుడు నీ ఇల్లే గద?"

"ఇంటాయన రానీ బిడ్డా," అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ఆమె తల దించుకుని వెళ్లిపోయింది.

నీ
గంగారెడ్డి