ఆదివారం నల్లా

మెట్టుగూడ,
12 మార్చి 2007

గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి నమస్కారం.

మీ దగ్గర ఆనర్స్ ప్రాజెక్టు చేస్తున్న దేవకృప మా అమ్మాయి. మా వీధి నల్లాలో నీళ్లు ఎప్పుడొస్తాయో ముందుగా చెప్పే ప్రోగ్రాం కోసం తను తెచ్చిన వేళలన్నీ నా నోటుబుక్కుల్లోవి. ఆరేళ్లుగా రోజూ రాస్తున్నాను.

ప్రతి ఆదివారం వేళ ముందురోజు వేళతో నిమిషం తేడా లేకుండా కలుస్తోందని కంప్యూటర్లో తేలిందట. అంకెలు తనే కల్పించిందని మీరు ప్రాజెక్టు ఆపించారు. కల్పించింది తను కాదు, నేను. ఆదివారం ఆ వేళకు నేను చర్చిలో ఉంటాను. తిరిగొచ్చి పక్కింటి లచ్చమ్మను అడిగితే, "నిన్నటి లెక్కనే వచ్చింది సారూ. నీళ్లు పట్టుకోవాల్నా, గడియారం చూసుకుంట కూసోవాల్నా?" అనేది. నేను శనివారం వేళే మళ్లీ రాసేవాణ్ని.

నిన్న ఆరాధనకు వెళ్లకుండా నల్లా దగ్గర నిలబడ్డాను. "ఏంది సారూ, దేవుడు సుత సెలవిచ్చిండా?" అంది లచ్చమ్మ. నీళ్లు శనివారం కన్నా నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాయి.

దయచేసి ఆదివారాలు కొట్టేసి, అమ్మాయి పని కొనసాగనివ్వండి. నేను ఇంట్లో లేని రోజులను ఆ యంత్రం ఎలా పట్టుకుందో ఒక్కసారి చూడాలని ఉంది. మీరు సరేనంటే వస్తాను.

ఈ సంగతి దేవకృపకు నోటితో చెప్పలేకపోయాను. అందుకే కవరు అంటించకుండా తన చేతికే ఇచ్చి పంపుతున్నాను.

ఇట్లు,
దేవకృప తండ్రి