రిపోర్టు రాకముందు నేనన్న మాట

హుస్సేనీ ఆలం, హైదరాబాదు
ఆదివారం

మా గౌరప్పకి,

నీ చెల్లెలు నీలవేణి దండాలు. నువ్వు, బావ, పిల్లలు ఏ నలతా లేకుండా ఉన్నారని తలుస్తాను. బావ నడుంనొప్పి తగ్గిందా? జీడి బట్టీ పొగకి నీకొచ్చిన దగ్గు ఎలా ఉంది? ఇక్కడ నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను. ఈ సంగతి ముందే ఎందుకు రాస్తున్నానంటే, కింది కబురు చదివి నువ్వు నా ఆరోగ్యం గురించి కంగారుపడతావని. నాకేమీ కాలేదు. తప్పు చేసిందే నేను.

ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతున్నావేమని మూడుసార్లు అడిగావు. పని ఎక్కువన్నాను. అది అబద్ధం అప్పా. నీ గొంతు వింటే చెప్పలేనని ఉత్తరం రాస్తున్నాను. దీన్ని బావకి చూపించకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మన ఉద్దానం వానలా కాదు, పావుగంట కురిసి గల్లీ అంతా బురద చేసి పోతుంది. పొద్దున్నే పురానాపూల్ దాటి ఆసుపత్రికి నడిచి వెళతాను. మొదట్లో మూసీ వాసనకి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు అలవాటైపోయింది. మాటే ఇంకా అలవాటు కాలేదు. కూరగాయలామెతో నేను మాట్లాడితే, "నువ్వు ఆంధ్రా పిల్లవా?" అని నవ్వుతుంది.

నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఆపరేషన్‌లో తీసిన ముక్కలు మా గదికి వస్తాయి. వాటిని మైనంలో బిగించి, వెంట్రుక కంటే పలచగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు పట్టించి సబిహా మేడం బల్ల మీద పెడతాను. అంతవరకే నా పని. మైక్రోస్కోపులో చూసి అది ఏ జబ్బో తేల్చేది మేడం. ఆవిడ లేనప్పుడు నేనూ కన్ను పెట్టి చూస్తుంటాను. ఆవిడకి తెలుసు, ఏమీ అనేది కాదు. ఆరేళ్లుగా చూస్తున్నాను కదా, నాకూ తెలుసనుకున్నాను.

నా గది కింద ఇంటావిడ రజియా ఆపా ఉంటుంది, ఇక్కడ అక్కని ఆపా అంటారు. యాభై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. బురఖాలు కుడుతుంది. నేను మెట్లెక్కే చప్పుడు వినగానే "తిన్నవా బేటీ?" అని అడుగుతుంది. నాకు జ్వరమొచ్చిన వారం పుల్లటి ఖట్టీ దాల్, మెత్తటి అన్నం మంచం దగ్గరికి తెచ్చింది. నువ్వు పంపిన ఎండు మెత్తళ్లు వేయించుకుంటే వాసనకి ముక్కు మూసుకోలేదు సరికదా, రెండు అడిగి తిన్నది. గల్లీలో అందరికీ నన్ను "మా డాక్టరమ్మ" అని చూపించేది. డాక్టర్ని కానని ఒక్కసారీ చెప్పలేదు నేను.

వేసవిలో ఆమెకి కడుపునొప్పి వస్తే నేనే మా ఆసుపత్రికి తీసుకెళ్లాను. పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని స్కానింగు తీస్తే, ఎడమ కిడ్నీలో నిమ్మకాయంత గడ్డ కనబడింది. రక్తపరీక్షలో ఎర్రకణాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నాయి. కిడ్నీని కాపాడి, గడ్డ వరకే తీశారు. ఆ ముక్క నా చేతికే వచ్చింది.

రంగు వేశాక ఆగలేకపోయాను. మేడం రాకముందే చూశాను. పలకంతా చిన్న చిన్న నీలం కణాలు, ఆవాలు పోసినట్టు కిక్కిరిసి ఉన్నాయి. అలాంటివి ముందు రెండు మూడు చూశాను, అన్నీ చెడ్డవే. మేడం వచ్చి చాలాసేపు చూసింది. ఇంకొన్ని ప్రత్యేకమైన రంగులు వేయించాలంది, అవి మా దగ్గర లేవని ముక్కని పెద్ద ల్యాబుకి పంపించింది. ఆవిడ జబ్బు పేరు చెప్పకపోయేసరికి నా అనుమానమే నిజమనుకున్నాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రజియా ఆపా గోడకానుకుని కూర్చుని టీ తాగుతోంది. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"ఏమైంది డాక్టరమ్మా? నా ముక్క చూసినవా?"

"రిపోర్టు రాలేదు ఆపా."

"రిపోర్ట్ ఛోడో. నువ్వు చూసినవా, లేదా?"

చూడలేదంటే సరిపోయేది. మేడం చెబుతారన్నా సరిపోయేది. "చూశాను" అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది. "అయితే దాచకు. నేను చిన్నపిల్లనా?"

"మంచిది కాదు ఆపా. క్యాన్సరే అనుకుంటున్నాను. చక్కబెట్టుకోవలసినవి ఏమైనా ఉంటే చక్కబెట్టుకోండి."

ఈ మాటలు నా నోటితోనే అన్నాను అప్పా. ఆమె కాసేపు తన చేతుల వంక చూసుకుంది. తర్వాత, "శుక్రియా బేటీ. నిజం చెప్పినవ్" అని నా తలమీద చెయ్యి పెట్టింది. అప్పుడు నాకు గర్వంగా అనిపించింది. మిగతాదంతా ఎలాగో రాసేశాను, ఈ ఒక్క ముక్క రాయడానికే ఇన్ని రోజులు పట్టింది. ఆమె మీద జాలి కంటే ముందు నాకు గర్వమే కలిగింది.

ఎందుకలా చెప్పావంటావు. నాన్న కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నాన్న కిడ్నీలు రెండూ పోయాయని డాక్టరు చెప్పినా, నువ్వు ఆయన దగ్గర "మందులతో తగ్గిపోద్ది నాన్నా" అంటూనే ఉన్నావు. పెద్దకర్మ నాడు చుట్టాలందరి ముందు నిన్ను అబద్ధాలకోరువన్నాను. తన సంగతి తెలిసుంటే నాన్న నన్ను పిలిపించుకునేవాడన్నాను. నువ్వు వంగి విస్తళ్లు ఎత్తుతూనే ఉన్నావు. నేను నీలా కాను, నిజమే చెబుతాననుకున్నాను అప్పా. కానీ నేను చెప్పింది నిజం కూడా కాదు.

మర్నాడే రజియా ఆపా ఆటో కట్టించుకుని మాదన్నపేట వెళ్లింది. అక్కడ ఆమె చెల్లెలు ముంతాజ్ ఉంటుంది. వాళ్ల అమ్మ మంచాన పడినప్పుడు అక్కచెల్లెళ్లకి మాటల్లేవు. అమ్మ మూడు రోజులపాటు ముంతాజ్‌ని అడిగిందట. రజియా ఆపా పంతంతో కబురు పంపలేదు. తర్వాత "అమ్మీ ఒక్కసారిగ పోయింది, ఎవరినీ అడగలే" అని ముంతాజ్‌కి చెప్పింది. ఇన్నేళ్లూ ఆ మాట కడుపులో పెట్టుకుని, చచ్చేలోపు దించుకోవాలని వెళ్లి చెప్పేసింది. ముంతాజ్ విని తలుపేసుకుందట.

మూడో రోజున ముంతాజే వచ్చింది. గిన్నెలో ఖిచిడీ తెచ్చింది. అక్కని పట్టుకుని ఏడ్చింది. "మాఫ్ చేసిన ఆపా. నువ్వు పోతవంటే నాకు కోపం ఎట్లుంటది?" అంది. అక్క దగ్గరే ఉండిపోయి, కాళ్లు పడుతూ, మందులిస్తూ వారం రోజులు సేవ చేసింది. వాళ్లిద్దర్నీ చూసి, నా వల్ల మంచే జరిగిందని కూడా అనుకున్నాను.

ఆ తర్వాత రిపోర్టు వచ్చింది. సబిహా మేడం నన్ను పిలిచి, మైక్రోస్కోపు నావైపు తిప్పింది.

"చూడు. కణాలన్నీ ఒక్క తీరుగున్నయి. ఒక్కటన్నా రెండుగా చీలుతున్నదా? లేదు. దీన్ని మెటానెఫ్రిక్ అడినోమా అంటరు. మస్తు అరుదు. తల్లి కడుపుల కిడ్నీ తయారయ్యేటప్పుడు ఉండే కణాల లెక్క ఉంటయి. క్యాన్సర్ కాదు. రక్తం ఎక్కువున్నది గూడ దీనివల్లనే కావచ్చు. తీసేసినం, అయిపోయింది. మీ ఇంటామెకు ఇంక ఫికర్ లేదు."

స్టూలు మీద కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను.

మేడం అరవలేదు. అరిచినా బాగుండేది. "నువ్వు అనుకున్నదే మొదటి రోజు నేను గూడ అనుకున్న, నీలవేణీ. అనుకున్న గాబట్టే ఇంకో దగ్గరికి పంపిన. నువ్వు మాత్రం ఇంటికి మోసుకపోయినవ్." ఆ రోజే రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. ఇక మైక్రోస్కోపు ముట్టుకోకూడదు. ఉద్యోగం ఉంది, భయపడకు.

ఇంటికి వచ్చేసరికి అక్కచెల్లెళ్లిద్దరూ చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. చేతులు జోడించి చెప్పాను. రజియా ఆపా "యా అల్లా" అని కళ్లు మూసుకుంది. ముంతాజ్ చేతిలోని కాయ కింద పెట్టేసింది.

"అంటే నీకు ఏం లేదా?" అని అక్కని అడిగింది. "చస్తనని మౌత్ పేరు చెప్పి నా నోట మాఫీ తీసుకున్నవా?"

"నాకేం ఎరుక ముంతాజ్, ఈ పిల్ల చెప్పింది..."

ముంతాజ్ వినలేదు. బురఖా వేసుకుని, ఖాళీ గిన్నె కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. బతుకుతానని తెలిసిన రోజున రజియా ఆపా వెక్కివెక్కి ఏడ్చింది. "చస్తననుకుని చెప్పిన మాటను బతికి ఎట్ల మొయ్యాలె బేటీ?" అని నన్నే అడిగింది.

ఇల్లు ఖాళీ చేస్తానన్నాను. "పోయి ఎక్కడ ఉంటవ్? ఉండు. గని నాకు ఏం చెప్పకు. ఛాయ్‌ల షకర్ తక్కువైందని గూడ చెప్పకు" అంది. అప్పటినుంచి నన్ను పేరు పెట్టే పిలుస్తోంది.

పోయిన ఆదివారం ధైర్యం చేసి మాదన్నపేట వెళ్లాను. కూరగాయల మార్కెట్ వెనక సందులో ముంతాజ్ ఇల్లు. లోపలికి రమ్మనలేదు. గడపలోనే నిలబడి, తప్పంతా నాదనీ, మీ అక్క నిజంగానే చచ్చిపోతాననుకుందనీ చెప్పాను.

"సదువుకున్న దానివి" అంది. "నీ మాట పట్టుకుని మా ఆపా పదిరోజులు కఫన్ బట్ట గురించి ఆలోచించింది. ఎరుకేనా?"

"తెలుసండి."

"తెలువది నీకు." కాసేపటికి గొంతు తగ్గింది. "మాఫీ నేను చచ్చేటోళ్లకు ఇచ్చిన. బతికేటోళ్లకు ఇయ్యాల్నంటే జర టైమ్ పడ్తది. పో."

తిరిగి నడుస్తుంటే నువ్వు గుర్తొచ్చావు అప్పా. నాన్న చివరి నెలలో నవ్వుతూ చుట్ట అడిగాడని నువ్వు చెప్పావు ఒకసారి. ఆ నవ్వు నువ్వు ఉంచిందే. దానికోసం నువ్వొక్కదానివే ఎంత మోశావో నేను అడగలేదు, అందరిముందూ తిట్టాను. ఆ మాటకి నన్ను క్షమించు. వెంటనే క్షమించమని అడగను.

ఇంకో మాట. నువ్వు, బావ మన ఉద్దానంలో పెట్టే వైద్య క్యాంపుకి వెళ్లి కిడ్నీ పరీక్ష చేయించుకోండి. కాగితం నాకు పంపొద్దు, అక్కడి డాక్టరుకే చూపించండి.

ఈ ఉదయం ముంతాజ్ నుంచి నాకు ఫోను వచ్చింది. "ఆపాతోని బరువు ఎత్తనియ్యకు. కుట్లు లోపల మానాలె. నేను ఫోన్ చేసిన అని చెప్పకు" అని పెట్టేసింది. కిందికి వెళితే రజియా ఆపా నల్లా దగ్గర బకెట్టు నింపుతోంది.

"ఎవరు ఫోను?"

ఆమె బకెట్టు ఎత్తబోతుంటే గబుక్కున వెళ్లి పట్టుకున్నాను. ఆమె నా మొహం వంక చూసింది. ఎవరు చేశారో అర్థమైనట్టుంది. బకెట్టు నాకు వదిలేసి, కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

పెద్దమ్మకి, మేనత్తకి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. బావని అడిగానని చెప్పు. నీ దగ్గర దీవెన ఒకటి మిగిలుంటే నాకు పంపు.

ఎప్పటికీ నీ చెల్లెలు,
నీలవేణి