అన్న కోసం చూసిన ఇల్లు

బెల్లంపల్లి,
జూన్ రెండో వారం.

ప్రియమైన హెప్సిబాకు,

నీ వదిన లచ్చవ్వ వందనాలు. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోన్లో నేను చెప్పేది నీ చెవులకు అందదు. అరిచి చెబుదామంటే మీ అన్న పక్కనే ఉంటాడు. "ఎవలతోటి నా ముచ్చట వెడ్తున్నవ్?" అని ఫోన్ గుంజుకుంటాడు. అందుకే మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే వంటింట్లో కూర్చుని రాస్తున్నాను.

మతిమరుపు జబ్బు ముదిరింది. ఇది తగ్గేది కాదని డాక్టర్ ముందే చెప్పాడు. బొగ్గుబాయి నుంచి రిటైరై ఇన్నేళ్లయినా పొద్దున్నే లేచి "డ్యూటీకి యాళ్లయితుంది, నా బూట్లేవి?" అంటాడు. తలుపుకు తాళం వేస్తే నన్ను దొంగను చూసినట్టు చూస్తాడు. స్నానం చేయించాలంటే కొట్లాట. మొన్న రైలు పట్టాల మీద నడిచిపోతుంటే గ్యాంగ్‌మన్ చూసి ఇంటికి తెచ్చాడు. మా బిడ్డ స్పందన పోయిన వానాకాలం ఆయన్ని బోథ్‌లో తన దగ్గర పెట్టుకుంది. పత్తి చేన్లో తప్పిపోతే ఊరంతా వెతికారు. అత్తామామలు, పసిపిల్ల ఉన్న ఇల్లు అది. దాన్ని ఇంకేం అడుగుతాను?

కరీంనగర్‌లో ఇలాంటి వాళ్లను పెట్టుకుని చూసే ఇళ్లున్నాయని మా పాస్టరమ్మ చెప్పింది. మా కోసం నువ్వు పోయి చూస్తావా? జన్మంతా బళ్లో పనిచేసినదానివి. ఎవరేం దాస్తున్నారో నీ కంటికి ఇట్టే దొరుకుతుంది. నువ్వు బాగుందంటే నాకూ బాగున్నట్టే.

నేను రాలేను. బాత్రూంలో జారిపడ్డాను, కుడి మణికట్టు వాచింది. రాత వంకరగా ఉంది, సర్దుకుని చదువుకో.

నీ వదిన,
లచ్చవ్వ


కరీంనగర్,
జూన్ నెలాఖరు.

ప్రియమైన వదినకు,

హెప్సిబా వందనాలు. నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. కోపం దాచుకోవడం నాకు చేతకాదు, నీకు తెలుసు. ఇల్లుంది, పెన్షన్ వస్తోంది, కట్టుకున్న నువ్వున్నావు. ఆశ్రమం ఎందుకు? బాపు పోయినప్పుడు నేను బళ్లో చదువుతున్నాను. చదువు మానిపించి బీడీలు చుట్టడానికి కూర్చోబెడదామని అవ్వ అంటే, అన్న అడ్డం నిలబడ్డాడు. "నేను బాయికి వోత. చెల్లె బడికి వోతది" అన్నాడు. మీసాలు కూడా సరిగా రాలేదప్పటికి. ఆ మనిషిని నా చేతులతో ఎవరికో అప్పగించమంటావా?

అయినా నీ మాట కాదనలేక వెళ్లి చూశాను. బైపాస్ దగ్గర కొత్తగా కట్టిన ఇల్లు. బయటంతా పాలరాయి. ఆఫీసు గదిలో ఏసీ. అక్కడి అమ్మాయి రంగుల బొమ్మల పుస్తకం చూపించి కాఫీ ఇచ్చింది. ఉండేవాళ్లను చూస్తానంటే, "ఇప్పుడు విజిటింగ్ టైం కాదు మేడం" అంది. చెవుడు ఒక్కోసారి పనికొస్తుంది, వదినా. వినపడనట్టు లేచి లోపలికి నడిచాను.

పట్టపగలు అందరూ పడుకునే ఉన్నారు. నిద్రలా లేదది. నోళ్లు తెరుచుకుని, పెదాలు ఎండిపోయి ఉన్నారు. ఒక పెద్దమనిషి చెయ్యిని చున్నీతో మంచానికి కట్టారు. "పడిపోకుండ కట్టినం" అంటుంది ఆ అమ్మాయి. ఇక్కడి నుంచి ఎవరైనా ఎప్పుడైనా తప్పించుకుపోయారా అని అడిగాను. "మా దగ్గర అట్లాంటివి జరగవు" అంది. మంచానికి కట్టేస్తే ఎక్కడికి పోతారు?

చూసింది చాలు. అన్నను నా దగ్గరికి పంపు. ఒంటరిదాన్ని, రిటైరైనదాన్ని, నాకేం పని? నువ్వు బోథ్ వెళ్లి బిడ్డ దగ్గర చెయ్యి నయం చేసుకో.

నీ ఆడబిడ్డ,
హెప్సిబా


బెల్లంపల్లి,
జూలై మొదట్లో.

ప్రియమైన హెప్సిబాకు,

వందనాలు. నువ్వు కోప్పడ్డావని నాకు కోపం రాలేదు. అన్న మీద నీకున్నంత ప్రేమ ఉన్నవాళ్లు కోప్పడకపోతేనే వింత. ఆదివారం ఆరాధన కాగానే అల్లుడు తీసుకొచ్చి దింపుతాడు.

జర కొన్ని మాటలు. నీళ్లు నెత్తి మీద పొయ్యకు, బెదిరిపోతాడు. కాళ్ల నుంచి మొదలుపెట్టు. అన్నం తిన్న వెంటనే తినలేదంటాడు. వాదించకు, అరటిపండు చేతిలో పెట్టు. తలుపుకు పైగడియే వెయ్యి. కింది గడియ తీయడం ఆయన మర్చిపోలేదు. కోపమొస్తే ఎదురుగా నిలబడకు, ఎక్కడున్నదానివి అక్కడే కూర్చో. నిన్ను ఎవరనుకున్నా మనసులో పెట్టుకోకు.

బట్టల సంచిలో ఉన్న ఎర్ర మఫ్లర్ ఎండాకాలంలోనూ అడుగుతాడు. ఇచ్చెయ్యి.

నీ వదిన,
లచ్చవ్వ


కరీంనగర్,
ఆగస్టు.

ప్రియమైన వదినకు,

వందనాలు. స్పందన చేత నువ్వు రాయించి పంపిన రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు.

మొదట్లో ఇల్లు పండుగలా ఉంది. అన్న నన్ను "అవ్వా" అని పిలిచాడు. అవ్వ పోలికే కదా, పోనీలే అనుకున్నాను. మక్కకంకి కాల్చి ఇస్తే చిన్నపిల్లాడిలా మూతికంతా మసి చేసుకుని తిన్నాడు. ఇంత మంచి మనిషిని వదిన చూసుకోలేకపోయిందేమిటని నీ మీద గొణుక్కున్నాను కూడా.

తర్వాత నిద్ర లేకుండా పోయింది. ఆయన తలుపు గుంజుతుంటే నాకు వినపడదు కదా. ఆయన చేతికీ నా చేతికీ కలిపి తువ్వాలు కట్టి పడుకున్నాను. ముడి వేస్తుంటే ఆ బైపాస్ ఇంట్లో చూసిన చున్నీ గుర్తొచ్చింది. అయినా ముడి వేశాను.

ఒకనాడు తెల్లవారుతుండగా మెలకువ వచ్చేసరికి తువ్వాలు నా చేతికే ఉంది. అన్న లేడు. స్టూలు వేసుకుని పైగడియ తీశాడు. బెల్లంపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందని ముందురోజంతా అడుగుతూనే ఉన్నాడు. అందుకని పక్కింటి కైలాసం బండి మీద నన్ను నేరుగా బస్టాండుకు తీసుకెళ్లాడు. బెల్లంపల్లి వైపు పోయే మంచిర్యాల బస్సులో ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు అన్న, ఒళ్లో నా పోపుడబ్బా పెట్టుకుని. డ్యూటీకి తీసుకుపోయే సద్ది డబ్బా అనుకున్నట్టున్నాడు. "దిగు అన్నా, ఇంటికి వోదాం" అని చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వెవతివే? నా డ్యూటీ ఎగవెడ్తవా?" అని నా చెయ్యి మెలిపెట్టాడు. బొగ్గు ఎత్తిన చెయ్యి, వదినా. కైలాసం, కండక్టరు కలిసి విడిపించారు. ఆవాలూ మెంతులూ బస్సంతా చిందాయి.

మీ బాత్రూంలో ఎవరూ జారిపడలేదని అప్పుడు తెలిసింది నాకు. ఎందుకు చెప్పలేదని అడగను. చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

డాక్టర్ ఇంకో ఇల్లు చెప్పాడు, జగిత్యాల రోడ్డులో. ఈసారి అన్నను వెంటబెట్టుకునే వెళ్లాను. పాత పెంకుటిల్లు, వెనక గదులు పెంచి కట్టారు. గేటు దగ్గరే మూత్రం వాసన కొట్టింది, వెనక్కి తిరిగేదాన్నే. కానీ లోపల మనుషులు మెలకువగా ఉన్నారు. ఒకాయన కిటికీలో నుంచి ఎవరినో తిడుతున్నాడు. ఒక ముసలామె ఏడుస్తుంటే పనామె పక్కన కూర్చుని ఆమె జుట్టు చిక్కు తీస్తోంది. నడిపేవాడి పేరు సంపత్. వంటిల్లు చూస్తానంటే చూపించాడు. బాత్రూం చూస్తానంటే, "జర జారుతది మేడం, గోడ పట్టుకోని నడువుండ్రి" అన్నాడు. అతన్నీ అదే అడిగాను, ఎవరైనా తప్పించుకుపోయారా అని.

"పోయినేడు ఒకాయన వోయిండు మేడం. పొద్దుగూకేదాంక లెంకినం, కూరగాయల మార్కెట్ల దొరికిండు. అప్పుడే గీ రెండో గేటు వెట్టిచ్చినం" అన్నాడు.

ఇంతలో ఆ జుట్టు చిక్కు తీసే ఆమె, అనసూర్య, అన్న దగ్గరికి వచ్చింది. "యాడికి వోవాలె బాపూ?" అంది. "బాయికి" అన్నాడు. "మా నాయన గూడ బాయిలనే జేసిండు. ఛాయ్ తాగి వోదువు గని, రా" అంది. అన్న వెళ్లి కూర్చున్నాడు, వదినా. నేను పిలిస్తే కదలని మనిషి.

లోపాలు లేవని కాదు. మధ్యాహ్నం పనివాళ్లు తక్కువ. పరుపులు పాతవి. కానీ అడిగినదానికి అబద్ధం చెప్పలేదు. నువ్వు ఏమంటావో రాయి.

నీ హెప్సిబా


బోథ్,
ఆగస్టు.

ప్రియమైన హెప్సిబాకు,

వందనాలు. నీ చెయ్యి ఎలా ఉంది? ఉప్పు కాపడం పెట్టు, తగ్గుతుంది.

అడిగినదాన్ని నేనే, ఇప్పుడు వెనకాడుతున్నదీ నేనే. నువ్వు వద్దన్నంత కాలం నీతో వాదించుకుంటూ ధైర్యంగా ఉన్నాను. నువ్వు సరే అనగానే ఆ ధైర్యం పోయింది. పెండ్లినాడు పాస్టరయ్య ముందు నిలబడి "వ్యాధియందును ఆరోగ్యమందును" అని ఒప్పుకున్నదాన్ని. సంఘంలో ఎవరి మొహం చూడాలి? ఎవరూ ఏమీ అనకపోయినా, పక్కన ఖాళీగా ఉన్న ఆ మంచాన్ని ఏ మొహం పెట్టుకుని చూడాలి?

ఇన్ని రోజులు బిడ్డ దగ్గర ఒళ్లు మరిచి నిద్రపోయాను. అదే తప్పనిపిస్తోంది.

ఆయన మొండికేస్తే వాళ్లు కడతారా? కొడతారా? స్నానం ఎవరు చేయిస్తారు? నేను చెప్పకుండా వెళ్తే లోపలికి రానిస్తారా? ఇవి తెలుసుకుని రాయి. లేదంటే వచ్చే వారం బస్సెక్కి వచ్చి ఆయన్ని ఇంటికి తీసుకుపోతాను. ఏమైనా కానీ.

నీ వదిన,
లచ్చవ్వ


కరీంనగర్,
ఆగస్టు.

ప్రియమైన వదినకు,

వందనాలు. నీ ఉత్తరం చదివిన వెంటనే, చెప్పాపెట్టకుండా, అన్నాల వేళకు మళ్లీ వెళ్లాను. అన్నను కైలాసం భార్య చూసుకుంది. రెండు గేట్లూ తీశారు, ఎందుకొచ్చావని అడగలేదు. అనసూర్య ఒకాయనకు ముద్దలు పెడుతోంది. ఆయన ఉమ్మేస్తున్నాడు, ఆమె తుడుస్తోంది. విసుక్కుంది కూడా. "ఏందయ్యా, గింత సతాయిస్తవ్!" అంది. కానీ గిన్నె పక్కన పెట్టి లేచిపోలేదు.

నీ ప్రశ్నలన్నీ సంపత్‌ను అడిగాను. "కొట్టుడు లేదు, కట్టుడు లేదు మేడం. గని మీదికొస్తే ఇద్దరం వట్టుకుంటం. వట్టుకోం అని అబద్ధం చెప్ప" అన్నాడు. మగవాళ్లకు స్నానం మగమనిషే చేయిస్తాడు. నువ్వు ఎప్పుడైనా రావచ్చు. నచ్చకపోతే ఏ రోజైనా తీసుకుపోవచ్చు.

నువ్వు పెండ్లి ప్రమాణం గురించి రాశావు. ఆ మాటల్లో నువ్వు ఒక్కదానివే మోయాలని ఎక్కడా లేదు, వదినా. అవ్వ లేదు, బాపు లేడు. అన్న తరఫున మాట్లాడే హక్కు నాకేమైనా ఉంటే ఇప్పుడు వాడుకుంటున్నాను. ఆయన్ని అక్కడికి తీసుకెళ్దాం. ఇద్దరం కలిసి వెళ్దాం. తప్పయితే ఇద్దరిదీ.

రా.

నీ హెప్సిబా


బెల్లంపల్లి,
అక్టోబరు.

ప్రియమైన హెప్సిబాకు,

నీ వదిన వందనాలు. చెవి మిషన్ కోసం హైదరాబాద్ వెళ్లావు కదా, తిరిగొచ్చేసరికి ఈ ఉత్తరం నీ తలుపు కింద ఉండాలని రాస్తున్నాను.

మీ అన్నను అక్కడ దింపిన రోజు నువ్వు చూశావు. నా కొంగు పట్టుకుని "నేను గూడ వస్త" అన్నాడు. అనసూర్య ఒక్కొక్క వేలూ విడదీసింది. తర్వాత రెండుసార్లు వెళ్లినా అదే తంతు. రెండోసారి మొహం గోడకు తిప్పుకుని కూర్చున్నాడు. అన్నం సగమే తింటున్నాడని సంపత్ దాచకుండా చెప్పాడు. నీకు చెప్పలేదు కానీ, ఈ నెల పెన్షన్ రోజు దాటగానే తీసుకొచ్చెయ్యాలని లోపల నిర్ణయించుకున్నాను. శనివారం ఒక్కదాన్నే బయలుదేరింది అందుకే. ఆయన బట్టలకని ఖాళీ సంచి కూడా పట్టుకెళ్లాను.

వెళ్లేసరికి వరండాలో నలుగురు కూర్చుని పల్లికాయ ఒలుస్తున్నారు. మీ అన్న గడ్డం గీసుకుని శుభ్రంగా ఉన్నాడు. కొంచెం చిక్కాడు. నన్ను చూసి ఒలవడం ఆపాడు. కొంగు పట్టుకుంటాడనుకుని దూరంగానే నిలబడ్డాను.

"ఎవలు గావాలె?" అన్నాడు.

 "తిమోతిని చూడవచ్చిన" అన్నాను.

"నేనే తిమోతిని. కూసో, కూసో" అని చాప మీద జరిగాడు. కూర్చున్నాను. "దూరం కెల్లి వచ్చినవా?" అన్నాడు. బెల్లంపల్లి నుంచి వచ్చానన్నాను. "అబ్బో, గంత దూరం నుంచి! తిన్నవా మరి?" అన్నాడు. తినలేదంటే, ఒలిచిన గింజలన్నీ కుప్పగా నా ముందుకు తోశాడు. హెప్సిబా, ఈ జబ్బు మొదలైనప్పటి నుంచి ఆయన నన్ను ఈ మాట అడగలేదు. అడగడానికి నేనెప్పుడు తీరుబడిగా ఆయన ముందు కూర్చున్నాను? స్నానానికి గుంజేదాన్ని, మందు మింగమని నోరు తెరిపించేదాన్ని, తలుపుకు తాళం వేసేదాన్ని. ఆయన కళ్లకు నేనొక కాపలాదారును. ఇప్పుడు చుట్టాన్నయ్యాను.

ఇద్దరం ఒలుస్తూ కూర్చున్నాం. "పెండ్లయిందా?" అని అడిగాడు.

"అయింది" అన్నాను.

"నీ పెనిమిటి మంచిగ చూస్కుంటడా?"

అనసూర్య చేతిలో పని ఆపి నా వైపు చూసింది. నేను ఏడవలేదు. ఎందుకో తెలియదు, సిగ్గు వచ్చింది. ఈ వయసులో.

"మంచిగనే చూస్కుంటడు" అన్నాను.

"గట్లనే ఉండాలె" అన్నాడు, నిమ్మళించినట్టు తల ఊపి. మళ్లీ ఒలవడం మొదలుపెట్టాడు. ఎండ వరండాలోకి వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. మధ్యలో ఏదో పాత కీర్తన చరణం అందుకున్నాడు, మర్చిపోయాడు, నేను అందించాను. లేస్తుంటే, "మళ్ల ఎప్పుడొస్తవ్?" అన్నాడు. బుధవారం వస్తానని చెప్పాను. "మరువకు" అన్నాడు.

సంచి ఖాళీగానే మడిచి తెచ్చుకున్నాను. రేపు సకినాలు చేస్తున్నాను. కొన్ని నీకు కూడా తెస్తాను, బుధవారం ఇంట్లోనే ఉండు.

నీ వదిన,
లచ్చవ్వ