కుడి అంచున మూడు గుంజలు

అన్నా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. ఈరోజు నీ సంవత్సరీకం. కార్యం కాగానే నెల్లూరు బస్సెక్కి గో ఆట పోటీకి వెళ్లాను. "ఈ పొద్దు ఆటలేందే?" అని అత్త కేకలేసింది. వినలేదు.

నల్లరాళ్లు నాకు, తెల్లరాళ్లు ఎదుటివాడికి వచ్చాయి. నువ్వు నేర్పినట్టే గళ్ల బోర్డు కుడి అంచున మూడు రాళ్లు దూరం దూరంగా పెట్టాను. పులికాట్ సరస్సులో వల కట్టడానికి మనం గుంజలు పాతేదీ అలాగే కదా. "దగ్గరగా పాతితే చేప బెదురుతుంది పాపా, దోవ వదులు" అనేవాడివి.

ఎదుటి ఆటగాడు నవ్వాడు. "పాతకాలం ఎత్తక్కా ఇది. కంప్యూటర్లు ఈ ఆట నేర్చి మనుషుల్ని ఓడించినాక ఎవురూ ఇట్టా ఆడటంలా."

"మా అన్న ఆడతాడు," అన్నాను.

ఓడిపోయాను. అతను నా రాళ్ల మధ్యకు దూరితే తొందరపడి వెంటపడ్డాను. తప్పు నాది, నీ ఎత్తుది కాదు. అతను లేవబోతుంటే, "కూర్చో, పోటీ లెక్కలో లేకుండా ఇంకో ఆట," అన్నాను. మళ్లీ అక్కడే మూడు రాళ్లు పెట్టాను. ఈసారి వెంటపడలేదు. దోవ వదిలి కూర్చున్నాను. అతనే లోపలికొచ్చి చిక్కుకుని ఓడిపోయాడు.

రాళ్లు ఏరుతూ, "మీ అన్నతో ఒక ఆట ఆడాలక్కా," అన్నాడు.

"ముందు నా మీద మళ్లీ గెలువు," అన్నాను.